బొబ్బట్ల రోజు రాకముందే చూడవలసినవి

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. నేలకొండపల్లిలోనే కాదు, ఖమ్మం నుంచి కృష్ణా దాకా ఏ ఇంట అడిగినా ఈ వరుస చెబుతారు. చంటిపిల్లల కదలికలను మెట్టుమెట్టుగా గమనించే పద్ధతి మన వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. ఇందులో లోటు ఒక్కటే. బొబ్బట్లు వండిన ఇల్లు వీధంతటికీ తెలుస్తుంది; వండాల్సిన నెల దాటిపోయినా వండని ఇంటి సంగతి ఎవరూ అడగరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో అడగాల్సింది ఆ ఇంటి సంగతే.

*

37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని కాన్పు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 1.34 కోట్ల మంది ఇలా పుట్టారని అంచనా. అందులో 30 లక్షలకు పైగా మన దేశంలోనే. మరే దేశంలోనూ ఇంతమంది లేరు. వీళ్ళలో ఎక్కువమంది అందరి పిల్లల్లాగే ఎదుగుతారు. తల్లులు ముందు ఈ మాట విని గుండె నిబ్బరం చేసుకోవాలి.

*

ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదు అనే మాట మన పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. చిత్రమేమిటంటే, ప్రాచీన గ్రీకు దేశంలో హిప్పోక్రటీస్ పేరిట వచ్చిన వైద్య గ్రంథాల్లోనూ ఇదే నమ్మకం ఉంది. నిజం దీనికి పూర్తిగా తలకిందులు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. 34వ వారంలో శిశువు మెదడు బరువు, నిండు నెలల బిడ్డ మెదడు బరువులో 65 శాతమే ఉంటుంది. చివరి ఆరు వారాల్లో జరిగే పని అంత పెద్దది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం సిజేరియన్ కాన్పుల్లో తెలంగాణదే దేశంలో మొదటి స్థానం, 60.7 శాతం. వైద్య కారణం లేకుండా, మంచి గడియ కోసమని ఆపరేషన్ తేదీని ముందుకు జరపమని అడిగే కుటుంబాలు ఆ 65 శాతం అంకెను ఒక్కసారి తలచుకోవాలి.

*

ఇలాంటి బిడ్డకు రెండు వయసులు. ఉగాదికి పుట్టాల్సిన పాప సంక్రాంతికే పుట్టిందనుకోండి. వినాయక చవితి నాటికి పుట్టినరోజు లెక్కన దాదాపు ఎనిమిది నెలలు. కదలికల లెక్కన దాదాపు అయిదు నెలలే. ఈ రెండో లెక్కను సవరించిన వయసు అంటారు. రెండేళ్ళు నిండేదాకా ఎదుగుదలను దీని ప్రకారమే చూడాలి. లేకపోతే పక్కింటి పిల్లతో పోల్చి అనవసరంగా బెంగపడతారు. నెలల ముందు పుట్టింది కదా, నిదానంగా నేర్చుకుంటుందిలే అని ఎంతకాలమైనా ఆగేవారూ ఉంటారు. వాళ్ళకూ ఈ లెక్క ఒక హద్దు చూపిస్తుంది. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క.

*

ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా అయిదు దేశాల్లో ఆరోగ్యవంతమైన పిల్లలను పరిశీలించి కదలికల వయసులు లెక్కగట్టింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా కావచ్చు. నూటికి నలుగురు పిల్లలు చేతులు, మోకాళ్ళ మీద పాకకుండానే నడకలోకి వెళ్ళిపోయారు కూడా. గడప దాటిన గారెలు వండలేదని దిగులుపడే ఇళ్ళకు ఇది మంచి కబురు.

*

నెలల ముందు పుట్టిన పిల్లల్లో తేడా వస్తే తరచుగా కాళ్ళలోనే ఎందుకు కనిపిస్తుంది? మెదడు మధ్యలో ద్రవంతో నిండిన గదులుంటాయి. కాళ్ళను నడిపించే నాడీ తంతువులు ఆ గదుల గోడలకు అతి దగ్గరగా వెళ్తాయి. 24 నుంచి 32 వారాల మధ్య ఆ చోటు చాలా సున్నితం. రక్తప్రసరణ తగ్గినా, ఇన్‌ఫెక్షన్ సోకినా ముందు దెబ్బ తినేది అదే. దెబ్బ పుట్టిన కొత్తల్లోనే తగిలినా, దాని ఫలితం బిడ్డ నిలబడే వయసుకు గానీ స్పష్టంగా బయటపడదు. అందుకే ముందుగా వెతకాలి.

*

కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని లాల పోసే పెద్దావిడ చేతులకు చాలా సంగతులు తెలుస్తాయి. తొడల మధ్య తడి తుడవబోతే కాళ్ళు విడివడకుండా కత్తెరలా బిగుసుకుంటున్నాయా? నూనె రాయడానికి గుప్పిట విప్పితే బొటనవేలు ఎప్పుడూ లోపలే మడుచుకుని ఉందా? ఎత్తుకుంటే ఒళ్ళు వెనక్కి విల్లులా వంగుతోందా? డాక్టర్లు చూసేదీ ఇవే. ఫ్రెంచి వైద్యురాలు క్లోడిన్ అమియెల్-టీసోన్ ఈ కీళ్ళ కోణాలకు కొలతలు పెట్టారు. తొడలు విచ్చుకునే కోణం మొదటి మూడు నెలల్లో 40 నుంచి 80 డిగ్రీలు, ఏడాది దగ్గరపడేసరికి 130 నుంచి 150 డిగ్రీలు ఉండాలి. బిడ్డ పెరిగేకొద్దీ కాళ్ళు విచ్చుకోవాలన్నమాట. ఆ కోణం పెరగకపోతే బిగువు ఉన్నట్టు. నాలుగైదు నెలల సవరించిన వయసులో కూడా గుప్పిళ్ళు మూసే ఉంచితే, మెడ నిలపకపోతే చూపించాలి. నా మట్టుకు, లాల పోసే ఆవిడ “ఈ పిల్ల ఒళ్ళు బిగువుగా ఉందమ్మా” అంటే ఆ మాటను ఏ పరీక్షకూ తక్కువగా చూడకూడదు.

*

ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చేత్తో బొమ్మ అందుకుంటుంటే ఎడమచేతివాటమనో కుడిచేతివాటమనో మురిసిపోవద్దు. ఆ వయసులో రెండు చేతులూ సమానంగా పనిచేయాలి. రెండో చేతికి ఏమైందో చూపించుకోవాలి.

*

ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది హైంజ్ ప్రెక్టల్ చేసిన పని. ఆస్ట్రియాలో పుట్టి నెదర్లాండ్స్‌లో పనిచేసిన ఈ వైద్యుడు, పిల్లలను తాకకుండా చూస్తూ కూర్చుంటే చాలన్నాడు. నిండు నెలల తేదీ దాటిన 9వ వారం నుంచి 20వ వారం దాకా ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మెలకువగా వెల్లకిలా పడుకున్నప్పుడు మెడ, మొండెం, మణికట్లు, చీలమండలు అన్నీ చిన్నచిన్నగా, అన్ని దిక్కులకూ ఎడతెగకుండా కదులుతుంటాయి. 1997లో ‘లాన్సెట్’ పత్రికలో ఆయన బృందం 130 మంది పిల్లల వివరాలు ప్రకటించింది. ఈ కదలికలు సవ్యంగా ఉన్న 70 మందిలో 67 మంది మామూలుగా ఎదిగారు. లేని, లేదా తేడాగా ఉన్న 60 మందిలో 57 మందికి తర్వాత నాడీ సమస్యలు తేలాయి. ఎక్కువమందికి వచ్చింది సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కదలికల్లో వచ్చే లోపం. దీనికి కావలసింది మూడు నుంచి అయిదు నిమిషాల వీడియో, దాన్ని చదవడంలో శిక్షణ పొందిన కళ్ళు. ఆస్ట్రేలియాలో తల్లిదండ్రులు ఇంటి నుంచే ఫోనుతో వీడియో తీసి పంపే యాప్ కూడా తయారుచేశారు.

*

ఇంగ్లండులో హామర్‌స్మిత్ పేరుతో ఉన్న నాడీ పరీక్షలో 26 అంశాలు, 78 మార్కులు. 2 నుంచి 24 నెలల పిల్లలకు చేస్తారు. మన దేశంలో తిరువనంతపురం శిశు వికాస కేంద్రం రూపొందించిన ఎదుగుదల పట్టికలో 17 అంశాలే. అంగన్‌వాడీ టీచర్ కూడా కొద్ది నిమిషాల్లో చూసేయగలరు. ఒకప్పుడు సెరిబ్రల్ పాల్సీని ఏడాది, రెండేళ్ళ వయసులో నిర్ధారించేవారు. ఇప్పుడు ఇలాంటి పరీక్షలు, స్కానింగ్ కలిపి ఆరు నెలల సవరించిన వయసు లోపలే పసిగట్టవచ్చని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. మెదడు వేగంగా అల్లుకునే కాలంలోనే ఫిజియోథెరపీ మొదలుపెట్టవచ్చు. ఆ నెలలు మళ్ళీ రావు.

*

పిల్లలు త్వరగా నడుస్తారని కొనే వాకర్లను కెనడా 2004లోనే నిషేధించింది. ప్రమాదాలు ఒక కారణం. పైగా అవి నడక నేర్పవు. నేల మీద చాప పరిచి, మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ళ ముందే కాసేపు బోర్లా పడుకోబెట్టడం అంతకన్నా ఎంతో మేలు.

*

భద్రాచలం ఏరియా ఆసుపత్రికి తెలంగాణ గూడేల నుంచే కాక ఛత్తీస్‌గఢ్, ఒడిశా అంచుల నుంచి, 2014లో ఆంధ్రలో కలిసిన మండలాల నుంచి కూడా గర్భిణులు వస్తారు. కాన్పు తర్వాత ఎవరి రాష్ట్రానికి వాళ్ళు వెళ్ళిపోతారు. మళ్ళీ చూపించుకోవాల్సిన తేదీ తల్లి చేతిలోని కాగితం మీదే ఉంటుంది. ఆ కాగితం పోతే బిడ్డ ఎన్ని వారాలకు పుట్టిందో చెప్పేవారు ఉండరు.

*

ఆసుపత్రిలో కాన్పైన బిడ్డను ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికొచ్చి చూడాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా ఎదుగుదల లోపాలకు పరీక్షలు, చికిత్స ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థలో 2021 నుంచి చిన్నపిల్లల కోసం ప్రత్యేక కేంద్రం నడుస్తోంది.

మీ ఇంట్లో గానీ వీధిలో గానీ నెలలు నిండక పుట్టి ‘బాక్సులో పెట్టిన’ పాప ఉంటే మూడు పనులు చేయండి. డిశ్చార్జి కాగితం మీద ఎన్నో వారం అని రాసి ఉందో చూసి ఫోటో తీసి ఉంచుకోండి. సవరించిన వయసు మూడు నెలలప్పుడు, ఏడవకుండా, బొమ్మ లేకుండా, చేతులూ కాళ్ళూ కనిపించేలా వెల్లకిలా పడుకోబెట్టి అయిదు నిమిషాల వీడియో తీయండి. నేలకొండపల్లి ఆసుపత్రికో ఖమ్మానికో టీకాకు వెళ్ళినప్పుడు ఆ రెండూ డాక్టరుగారికి చూపించి, “కదలికలు ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి” అని అడగండి.