కూలి పెంచితే పని పోతుందా?

కూలి పెంచితే పనులు తగ్గిపోతాయంటున్నారు, నిజమేనా తాతా అని అడిగావు కదూ! రా, ఇలా కూర్చో.

ధర పెరిగితే కొనేవాళ్ళు తగ్గుతారన్నది సంతలో రోజూ చూసేదే. కానీ సంతకు కొనేవాడు ఒక్కడే వస్తే? వాడు చెప్పిందే ధర. కొండల్లో కూలి సంగతీ అంతే అయింది. వందేళ్ళ క్రితం గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ళ చేత సరైన కూలి ఇవ్వకుండా రోడ్డు పనులు చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడిందంటే, దాని వెనకున్న కడుపుమంటలో ఈ కూలి బాధా ఉంది.

పని ఇచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు కూలిని అణిచి ఉంచుతాడు. ఆ డబ్బుకు రాలేక కొందరు ఇంట్లోనే ఉండిపోతారు. కూలి కాస్త పెంచమని చట్టం గట్టిగా చెబితే వాళ్ళూ వస్తారు, యజమానికి లాభం కొంత తగ్గుతుందే గానీ పని ఆగదు. జోన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్త 1933లోనే ఇది వివరించింది.

మన దగ్గరే రుజువుంది. 2010-12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, మన పక్కనున్న విజయనగరంతో సహా ఎనిమిది జిల్లాల్లో, ఉపాధి హామీ కూలి సక్రమంగా అందేలా స్మార్ట్ కార్డులతో ఇచ్చారు. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ తీసి తేల్చారు. కార్డులు ముందొచ్చిన చోట పేద కుటుంబాల రాబడి సుమారు 14 శాతం పెరిగింది. అందులో ఎక్కువ భాగం ఉపాధి పనిది కాదు, బయటి పనులది! డబ్బు సక్రమంగా అందే పని ఇంకొకటి చేతిలో ఉండేసరికి రైతులూ కూలి పెంచక తప్పలేదు. అయినా బయట పనులు తగ్గలేదు, పెరిగాయి.

అయితే ఒక్క మాట. మన అరకులో కాఫీ తోట ఉన్నవాడు కూలి ఇచ్చేవాడే అయినా జమీందారు కాడు. ఎకరమో రెండెకరాలో ఉన్న గిరిజన రైతు. ఇవాళ తన తోటలో, రేపు ఉపాధి పనిలో. ఆయనే కూలీ, ఆయనే యజమాని. కాఫీ పళ్ళు ఒకేసారి పండవు. ఒకే గుత్తిలో ఎర్రవీ పచ్చివీ ఉంటాయి, ఎర్రవి మాత్రమే ఏరాలి, మళ్ళీ కొన్నాళ్ళకు అదే మొక్క దగ్గరికి రావాలి. అలా ఏరిన ఆరు కిలోల పళ్ళకు దక్కే గింజలు ఇంచుమించు కిలో. ఖర్చులో పెద్ద వాటా కోత కూలిదే. గింజ ధర పెరగకుండా కూలి ఒక్కటే పెరిగితే ఆ చిన్న రైతు నలిగిపోతాడు.

2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. అది ఇంకా పెరగాలనే నేనంటాను. పెంచేవాళ్ళు అదే ఏడాది కాఫీ గింజకు గిట్టుబాటు ధర కూడా చూడాలి.