పాతరలో దీపం ఎందుకు ఆరిపోయింది?

మీ తాతగారినో, అమ్మమ్మగారినో ఒకసారి పాతర సంగతి అడిగి చూడండి. జొన్నలు పండే మెట్ట ఊళ్ళలో పెరిగినవారైతే ఎంతో ఉత్సాహంగా చెబుతారు. పూర్వం అక్కడ ధాన్యం నిలవ చేయడానికి నేలలో లోతుగా, గుండ్రంగా గొయ్యి తవ్వేవారు. అడుగునా, చుట్టూ గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, మూతిని మట్టితో గట్టిగా మూసేసేవారు. అదే పాతర.

పాతర తెరిచిన రోజు పెద్దవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకునేవారు. మూత తీసి చాలాసేపు అలాగే వదిలేసేవారు. తరువాత తాడు కట్టి ఒక దీపాన్ని లోపలికి దించేవారు. దీపం ఆరిపోయిందంటే ఇక ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. తొందరపడి దిగినవాడు నిలుచున్నచోటే కూలిపోయేవాడు. వాణ్ణి పైకి తీయబోయి దిగిన రెండోవాడిదీ అదే గతి. కొందరు దీన్ని దయ్యం పని అనుకునేవారు.

దయ్యం లేదు. మరి దీపాన్ని ఆర్పింది ఎవరు? జొన్నలే!

గింజ చూడటానికి రాయిలా ఉంటుంది కాని, అది బతికే ఉంది. బతికి ఉన్నది కనుక శ్వాసిస్తుంది. శ్వాసించడమంటే ముక్కుతో గాలి పీల్చడం అనుకునేరు! గింజకు ముక్కూ లేదు, ఊపిరితిత్తులూ లేవు. దాని కణాలు తమలో ఉన్న పిండి పదార్థాన్ని గ్లూకోజుగా మార్చి, ఆ గ్లూకోజును ఆక్సిజన్‌తో కలిపి, శక్తిని రాబట్టుకుంటాయి. మిగిలేవి కార్బన్ డయాక్సైడు, నీరు. ఇదే కణశ్వాసక్రియ. లెక్క చూడండి: 180 గ్రాముల గ్లూకోజు 192 గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే 264 గ్రాముల కార్బన్ డయాక్సైడు, 108 గ్రాముల నీరు వస్తాయి. ఇటు 372, అటు 372. ఎక్కడా ఒక్క గ్రాము మాయం కాలేదు.

మూసిన పాతరలో గింజలు, వాటిలో చేరిన పురుగులు, బూజు అన్నీ కలిసి నెలల తరబడి ఇదే పని చేస్తాయి. ఆక్సిజన్ తరిగిపోతుంది, కార్బన్ డయాక్సైడు పేరుకుంటుంది. అది గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు కనుక గోతిలోనే నిలిచిపోతుంది. తమాషా ఏమంటే, మనిషిని పడగొట్టే ఆ గాలే ముక్కపురుగునూ చంపుతుంది. అందుకే పాతరలో జొన్నలు అంతకాలం చెడకుండా ఉండేవి!

ఇక్కడ ఒక హెచ్చరిక. దీపం వెలిగినంత మాత్రాన లోపలి గాలి మంచిదని భరోసా లేదు. దీపం ఆరనంత స్వల్పంగా ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడు మాత్రం ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చు. పాతరలోకి గాని, ఆకులు కుళ్ళిన పాడుబావిలోకి గాని మీరు దిగకండి. ఎవరైనా పడిపోతే వెంట దూకవద్దు. కేకలు వేసి పెద్దవాళ్ళను పిలవండి.

గింజ శ్వాసిస్తుందనడానికి రుజువు కావాలా? రెండు థర్మాస్ ఫ్లాస్కులు తీసుకోండి. ఒకదానిలో మొలకెత్తుతున్న పెసలు, రెండోదానిలో ఉడకబెట్టి చల్లార్చిన పెసలు వేయండి. మూతికి దూది బిగించి, అందులోంచి థర్మామీటరు దించండి. రెండు రోజుల్లో మొలకల ఫ్లాస్కు వేడెక్కుతుంది. శ్వాసక్రియలో విడుదలైన శక్తిలో కొంత వేడిగా పోతుంది మరి. ఉడికిన పెసలలో మార్పు ఉండదు.

ఉండదు అంటున్నాను గాని, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ప్రయోగం చేసి చూపితే నాలుగో రోజుకు ఉడికిన పెసల ఫ్లాస్కే ఎక్కువ వేడెక్కింది! క్లాసంతా నవ్వు. మూత తీస్తే కంపు. ఉడికిన గింజలను క్రిమిసంహారక మందు కలిపిన నీటితో కడగాలన్న సంగతి నేను మరిచాను. పెసలు చనిపోయినా, వాటిమీద చేరిన బాక్టీరియా మాత్రం చక్కగా శ్వాసించింది.

సరే, ఉడకబెడితే గింజలో ఏం పోయింది? పిండి అలాగే ఉంది, నీరు ఉంది, గాలి ఉంది. పోయినవి ఎంజైములు. చక్కెరను గరిటెలో పోసి మండించాలంటే ఎంత వేడి కావాలో మీకు తెలుసు. అదే చక్కెర మన ఒంట్లో 37 డిగ్రీల దగ్గరే, మంట లేకుండా, ఆక్సిజన్‌తో కలుస్తున్నది. ఒక్క గెంతులో కాదు, మెట్టు తరువాత మెట్టుగా. ప్రతి మెట్టుకూ ఒక ఎంజైము కాపలా. ఎంజైములు దాదాపు అన్నీ ప్రోటీన్లే. పని చేయిస్తాయి గాని తాము ఖర్చుకావు. ఒకటి చేసే పని మరొకటి చేయదు. మరిగిస్తే వాటి ఆకారం చెడుతుంది, ఆకారం చెడితే పని ఆగుతుంది. నీరు లేకపోయినా వాటి పని దాదాపు నిలిచిపోతుంది. రైతు గింజను పంటికింద వేసి, పటుక్కుమంటేనే నిలవకు పెట్టడంలోని కిటుకు ఇదే. తడి గింజలో ఎంజైములు చురుగ్గా పనిచేస్తాయి, బూజు పడుతుంది, కుప్ప వేడెక్కుతుంది, ధాన్యం పాడవుతుంది.

ఈ ఎంజైములు పనిచేయడానికి బతికున్న కణమే ఉండాలని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును ఇసుకతో నూరి, పిండి, ఒక్క కణం కూడా లేని రసం తీశాడు. అది చెడిపోకుండా చక్కెర కలిపాడు. రసం బుడగలు కక్కసాగింది! కణం లేకుండానే చక్కెర సారాయిగా మారుతున్నది. ఆయనకు 1907లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

గ్లూకోజు నుంచి వచ్చిన శక్తిని కణం నేరుగా వాడుకోదు. గ్లూకోజు పెద్ద నోటు వంటిది. బస్సులో కండక్టరుకు పెద్ద నోటిస్తే ఏమంటాడు? చిల్లర కావాలి. కణంలో ఆ చిల్లర పేరు ఏటీపీ. ఒక గ్లూకోజు అణువుకు 38 ఏటీపీలని నేను చదువుకున్నాను. ఇప్పటి లెక్క ప్రకారం సుమారు 30 మాత్రమే. ఈ ఏటీపీని 1929లో జర్మనీలో లోమాన్, అమెరికాలోని హార్వర్డులో ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. అవును, మన భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావే.

ఇంతకీ ఆ పెద్ద నోటు అచ్చయ్యేది ఎక్కడ? జొన్నచేనులో, ఆకులో. ఆకులోని పత్రహరితం ఎండను పట్టుకుంటుంది. ఆ శక్తితో నీరు విడిపోతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు చక్కెరగా మారుతుంది. దీనికీ ఎంజైములే కావాలి. కార్బన్ డయాక్సైడును అందుకునే రుబిస్కో అనే ఎంజైము మహా నిదానస్తురాలు, సెకనుకు కొద్ది అణువులను మాత్రమే అందుకోగలదు. అందుకే ఆకు దాన్ని కుప్పలు కుప్పలుగా తయారు చేసుకుంటుంది. మా చదువుల కాలంలో గాలిలో కార్బన్ డయాక్సైడు 0.03 శాతమని పుస్తకాల్లో ఉండేది. ఇప్పుడది 0.04 దాటింది. మీ పుస్తకంలో ఎంతుందో చూసుకోండి.

బయటికి వచ్చే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడులోది కాదు, నీటిలోది. 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్‌తో చేసిన నీటిని వాడి దీన్ని చూపింది. వెంటనే తెలివైన విద్యార్థి లేచి అడగాలి: సమీకరణంలో ఆరు నీటి అణువులే ఉన్నాయి, వాటిలో ఆరు ఆక్సిజన్ పరమాణువులే కదా, మరి పన్నెండు ఎలా బయటికి వచ్చాయి? మంచి ప్రశ్న. నిజానికి పన్నెండు నీటి అణువులు ఖర్చవుతాయి, ఆరు కొత్తగా తయారవుతాయి. పుస్తకంలో రెండు వైపులా కొట్టివేసి ఆరు రాస్తారు.

ఇక పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నన్ను ఏటేటా బాధపెట్టే వాక్యం ఒకటుంది: “మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి.” తప్పు! మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటుంది. ఆకు కణంలో హరితరేణువులూ, మైటోకాండ్రియా పక్కపక్కనే ఉంటాయి. ఎండలో మొదటివాటి పని ఎక్కువ కనుక రెండోవాటి పని మనకు కనబడదు, అంతే. రాత్రి చెట్టుకింద పడుకుంటే బొగ్గుపులుసు వాయువు కమ్మి చచ్చిపోతారన్న మాటా ఇందులోంచే పుట్టింది. కొత్తలో నేనూ అదే చెప్పాను, ఒప్పుకుంటున్నాను. ఆరుబయట ఆ వాయువు గాలిలో కలిసి చెదిరిపోతుంది. చింతచెట్టు కింద భయపడవలసింది తేలుకూ పాముకూ! పాతర సంగతి వేరు. అక్కడ గాలి ఆడదు, ఎండ సోకదు.

ఎంజైమును చూడాలనుంటే ఇంట్లోనే వీలవుతుంది. పలచని గంజిని మూడు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోయండి. ఒకదానిలో మామూలు నీరు, రెండోదానిలో మీ లాలాజలం, మూడోదానిలో బాగా మరిగించి చల్లార్చిన లాలాజలం కలపండి. గోరువెచ్చగా ఉంచి, పావుగంట తరువాత ఒక్కొక్క చుక్క అయోడిన్ వేయండి. మొదటిదీ మూడోదీ నీలంగా మారతాయి. రెండోది మారకపోతే, దానిలోని పిండి అమైలేజు అనే ఎంజైము వల్ల చక్కెర అయిందని అర్థం. ఇంకా నీలంగానే ఉంటే మరికొంతసేపు ఆగి చూడండి.

చివరగా ఒక ప్రశ్న. ఉప్పుడు బియ్యం కోసం వడ్లను ఉడకబెట్టి ఆరబెడతారు కదా. అటువంటి వడ్లను బాగా ఎండబెట్టి పాతరలో పోసి మూసేశారనుకోండి. ఆరు నెలల తరువాత మూత తీసి దీపం దించితే అది ఆరుతుందా, ఆరదా? నా పెసల ఫ్లాస్కును గుర్తుంచుకుని జవాబు చెప్పండి.