చూడ్డానికి అన్నీ ఎరుపే

మా బావగారి కారు ఆటోమేటిక్. పదేళ్ల బండి. పోయిన వేసవిలో ఊరికి వెళ్లి వస్తుంటే గేరు పడటం ఆలస్యమవుతోందని హైవే పక్కన ఒక షెడ్డు దగ్గర ఆపారు. కూలర్ పైపు అతుకు దగ్గర చెమ్మ కనిపించింది. కుర్రాడు క్లిప్పు బిగించి, డిప్‌స్టిక్ లాగి చూసి, "లెవెల్ బాగా తగ్గింది సార్" అని రెండు లీటరు డబ్బాలు తెచ్చి ఒకటిన్నర పోశాడు. మిగిలిన అర డబ్బా డిక్కీలో పెట్టాడు. ఏం పోశాడని తర్వాత నేనడిగితే బావగారి జవాబు ఇదీ: "స్టీరింగ్ ఆయిలన్నాడు. ఎర్రగానే ఉంది మరి!"

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. ఆటోమేటిక్ కార్లు మన రోడ్ల మీద అరుదుగా కనిపించిన రోజుల్లోనే హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ మామూలు కార్లలోకి వచ్చేసింది. వాటిలో చాలావాటికి పోసేది ఈ ఎర్ర నూనే. అలా అమెరికాలో గేర్‌బాక్సు కోసం పుట్టిన నూనె మన షెడ్లలో స్టీరింగ్ పేరుతో స్థిరపడిపోయింది.

రెండు నెలలకు గరగర మొదలైంది. 60 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనిస్తే చాలు, చదునైన రోడ్డు మీద కూడా చక్రాల కింద గీతల స్పీడ్ బ్రేకర్లు పరిచినట్టు ఒక్క క్షణం బండంతా వణికేది.

ఎందుకో తెలియాలంటే ముందు నూనె చేసే పనులు చూడాలి. మాన్యువల్ గేర్‌బాక్సులో నూనె పని తేలిక. పళ్లు అరక్కుండా చూస్తే చాలు. ఆటోమేటిక్‌లో మాత్రం నూనే ఒక పార్టు. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, గాలి బదులు నూనె పెడితే ఇంజను బలం చక్రాలకు అందుతుంది. ఈ ఊహ హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరుది. ఆయన స్టెటిన్ ఓడల కార్ఖానాలో పనిచేస్తూ, వేగంగా తిరిగే ఆవిరి టర్బైన్‌ను నెమ్మదిగా తిరగాల్సిన ఓడ పంకాతో ఎలా కలపాలా అని ఆలోచించి 1905లో పేటెంటు తీసుకున్నారు. ఓడల కోసం పుట్టిన ఉపాయం పూర్తి ఆటోమేటిక్ కార్లలోకి రావడానికి ముప్పై ఏళ్లు పైనే పట్టింది. జనరల్ మోటార్స్‌లో ఎర్ల్ థాంప్సన్ బృందం తయారుచేసిన హైడ్రామాటిక్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో బజారులోకి వచ్చింది. అదనంగా 57 డాలర్లు కడితే క్లచ్ పెడల్ లేని కారు! రెండో ప్రపంచ యుద్ధంలో అదే గేర్‌బాక్సును ఎం5 తేలికపాటి ట్యాంకుల్లో బిగించారు. సైనికులు తొక్కిన తొక్కుడుకు తట్టుకున్నదన్న పేరు యుద్ధం తర్వాత అమ్మకాలకు బాగా పనికొచ్చింది.

నూనెకు ఇంకా పనులున్నాయి. లోపలి పిస్టన్లను తోసి గేర్లు మార్చే ఒత్తిడి దానిదే, వేడిని మోసుకెళ్లి కూలర్‌లో దించేదీ అదే. అన్నిటికన్నా చిత్రమైనది క్లచ్‌ల దగ్గర దాని పని. ఆటోమేటిక్ లోపల కాగితం వంటి పొర అంటించిన పలకలు, ఉక్కు పలకలు ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉంటాయి. ఒత్తిడి పడగానే ఆ దొంతర బిగుసుకోవాలి, గేరు పడాలి. కానీ ఆ దొంతరంతా నూనెలో మునిగే ఉంటుంది. జారించడమే జన్మహక్కుగా ఉన్న నూనెతో పట్టు పట్టించాలన్నమాట.

పట్టు కూడా ఎలా పడితే అలా కుదరదు. నల్లబల్ల మీద సుద్దముక్కను నిటారుగా పట్టుకుని గీస్తే కీచుమంటుంది. అంటుకోవడం, విడిపోవడం, మళ్లీ అంటుకోవడం సెకనుకు వందల సార్లు జరుగుతుంది కాబట్టి ఆ చప్పుడు. క్లచ్ పలకలు జారుతూ జారుతూ ఆగబోయే చివరి క్షణంలో ఇదే జరగొచ్చు. అందుకని నూనెలో చాలా కొద్ది పాళ్లలో ఒక మందు కలుపుతారు. దాని అణువులకు తలా తోకా ఉంటాయి. తల లోహానికి అంటుకుంటుంది, తోకలు బయటికి నిలబడి సన్నని తివాచీలా పరుచుకుంటాయి. పలకలు వేగంగా జారేటప్పుడు ఆ తివాచీతో పెద్దగా పనిలేదు. ఆగబోయే క్షణంలో మాత్రం మెత్తగా ఆపేది అదే.

1949లో జనరల్ మోటార్స్ ఈ నూనెకు టైప్ ఏ అనే తొలి ప్రమాణం నిర్ణయించింది. ఇంజన్ ఆయిల్‌తో కలగాపులగం కాకుండా, కారితే ఏది కారుతోందో తెలిసేలా ఎర్ర రంగు వేశారు. గుర్తుపట్టడానికి వేసిన ఆ రంగే తర్వాత తరాల్ని మోసం చేస్తుందని అప్పుడెవరికి తెలుసు!

చాలాకాలం ఆ మెత్తదనపు మందు స్పెర్మ్ తిమింగలం నూనె. మనం వంటకు వాడే నూనెల్లాంటిది కాదది, చెప్పాలంటే ద్రవరూపంలో ఉన్న మైనం. వేడికి ఓర్చుకుంటుంది, లోహానికి అంటిపెట్టుకుంటుంది. సముద్రం అడుగున వేటాడే జంతువు కొవ్వు డెట్రాయిట్ కార్లలో గేర్లు మెత్తగా వేసిందంటే వింతగానే ఉంటుంది. 1970ల మొదట్లో అమెరికా ఆ సరుకును నిషేధించాక నూనె కంపెనీలు ప్రత్యామ్నాయాల కోసం పరుగులు పెట్టాయి. కొత్త మిశ్రమాల్లో ఒకటి కూలర్ అతుకుల్ని తినేయడంతో దాన్నీ మార్చాల్సి వచ్చింది.

అంతకుముందే నూనెల వంశం రెండుగా చీలింది. 1967లో జనరల్ మోటార్స్ డెక్స్‌రాన్ పేరుతో మెత్తదనపు మందు దండిగా ఉన్న నూనె తెచ్చింది. దాదాపు అదే కాలంలో ఫోర్డ్ ఆ మందే అక్కర్లేదంటూ టైప్ ఎఫ్ తెచ్చింది. వాళ్ల లెక్క ప్రకారం క్లచ్ ఠక్కున పట్టుకోవాలి, జారుడు ఎంత తక్కువైతే అరుగుదల అంత తక్కువ. రెండు లెక్కలూ సరైనవే, ఎందుకంటే ఎవరి పలకలు వాళ్లు తమ నూనెకు తగ్గట్టే చేసుకున్నారు. చిక్కల్లా రెండు నూనెలూ ఎర్రగా ఉండటం. జనరల్ మోటార్స్ గేర్‌బాక్సులో టైప్ ఎఫ్ పోస్తే గేరు పడ్డప్పుడల్లా వెనక నుంచి ఎవరో గుద్దినట్టుండేది. టైప్ ఎఫ్ అడిగే ఫోర్డ్‌లో డెక్స్‌రాన్ పోస్తే పైకి ఇంకా బాగుండేది, గేర్లు వెన్నలా పడేవి. లోపల మాత్రం పలకలు ఆగాల్సిన దానికన్నా ఎక్కువసేపు జారి, కాలి, పొర ఊడిపోయేది. నన్నడిగితే ఈ రెండో రకమే ప్రమాదకరం. కుండెడు పాలు మారడానికి గరిటెడు తోడు చాలినట్టు, ఆ మందు కొద్దిగా చేరినా మొత్తం నూనె తీరు మారుతుంది. తోడు పడ్డ పాలలోంచి తోడును వెనక్కి తీయడం ఎవరి తరం?

క్రైస్లర్ కథ ఇంకా విచిత్రం. 1989 మోడళ్లలో వాళ్లు అల్ట్రాడ్రైవ్ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ తెచ్చారు. కంప్యూటరే గేర్లు వేసేది. క్లచ్ ఎంతసేపట్లో పట్టుకుంటోందో కొలుచుకుని, దాన్నిబట్టి ఒత్తిడిని తనంతట తాను సర్దుకునేది. అంటే ఆ కంప్యూటర్ నేర్చుకున్న పాఠమంతా ఫలానా నూనె స్వభావం మీదే నడిచేది. దానికి క్రైస్లర్ సొంత నూనె కావాలి. కానీ అది దొరక్కపోతే డెక్స్‌రాన్ పోసుకోవచ్చని డిప్‌స్టిక్ మీదే రాశారు! జనం పోసుకున్నారు. వణుకులు, గేరు ఇరుక్కుపోవడాలు, మార్చిన గేర్‌బాక్సులు. ఆ యంత్రానికి పుట్టుకతో వచ్చిన లోపాలు వేరే ఉన్నాయి గానీ, చెడ్డపేరులో ఆ ఒక్క వాక్యానికి పెద్ద వాటాయే ఉంది.

వేరే రకం కలిపితే కొంప మునుగుతుందని ప్రతిసారీ అనలేం. జనరల్ మోటార్స్ తర్వాత తెచ్చిన డెక్స్‌రాన్ 6 పాత డెక్స్‌రాన్ 3 అడిగే బండ్లలోకి నిక్షేపంగా వెళ్తుంది. 6 అడిగే బండిలోకి మాత్రం 3 వెళ్లకూడదు. వన్‌వే రోడ్డు లాంటి చుట్టరికం ఇది.

ఇప్పుడు మన దగ్గర చిక్కు ఇంకాస్త ముదిరింది. బండి వెనక "ఆటోమేటిక్" అని రాసి ఉంటే లోపల నాలుగు వేర్వేరు యంత్రాల్లో ఏదైనా ఉండొచ్చు. 2014లో సెలెరియో కారుతో మన దగ్గర మొదలైన ఏఎంటీలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే కాలు మాత్రం యంత్రానిది. దానికి గేర్ ఆయిల్ వేరు, ఆ యంత్రపు కాలికి పోసే నూనె వేరు. సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు ఇనుము మీద ఇనుము పట్టుకుని లాగాలి. అందులో ఎర్ర నూనె పోస్తే బెల్టు జారి పుల్లీని గీరేస్తుంది, తర్వాత బాగుచేయడానికేమీ మిగలదు. డ్యూయల్ క్లచ్‌ది మరో దారి. బావగారిది నాలుగోది, టార్క్ కన్వర్టర్ (అంటే ఆ రెండు ఫ్యాన్ల ఉపాయం) ఉన్న పాతకాపు.

చివరికి తెలిసినవాళ్ల షెడ్డుకు తీసుకెళ్లాం. అక్కడి పెద్దాయన అడగంగానే డిప్‌స్టిక్ లాగి నూనె చూడలేదు. పిడి మీద పేరుకున్న మడ్డిని గోటితో గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచారు. ఏ నూనె పోయాలో ప్లాస్టిక్ మీద ఉబ్బెత్తు అక్షరాల్లో అచ్చయి ఉంది. "చదివేవాడేడీ బాబూ!" అన్నారు. తర్వాత తెల్లటి టిష్యూ మీద డిక్కీలోని డబ్బా నూనె ఒక చుక్క, సరైన నూనె ఒక చుక్క వేసి బావగారి ముందు పెట్టారు. రెండూ దానిమ్మ గింజ రంగే. ఎంతసేపు చూసినా తేడా దొరకలేదు.

గేర్‌బాక్సులో మొత్తం ఎనిమిది లీటర్లు. కింద బోల్టు విప్పితే కారేది సుమారు నాలుగే, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో దాక్కుంటుంది. అంటే ఒకసారి మారిస్తే సగం పాతది మిగులుతుంది, రెండోసారికి పావు, మూడోసారికి ఎనిమిదో వంతు. వారం వారం గ్యాప్‌తో మూడుసార్లు మార్చారు. మొదటిసారి కారింది చాయ్ డికాక్షన్‌లా ఉంది, కమురు వాసనతో. అందుకే తప్పంతా ఆ ఒకటిన్నర లీటరుదేనని అనను. పదేళ్లుగా మార్చని నూనెలో మందు ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. మూడోసారి తర్వాత బైపాస్ మీద 60లో కాలు తేలిగ్గా ఆనించి చూశాం. గరగర లేదు.

డిక్కీలోని అర డబ్బాను బావగారు పారేయలేదు. ఎదురింటాయన పాత మాన్యువల్ కారుకు మలుపులో స్టీరింగ్ మూలుగుతోందంటే తీసుకెళ్లి ఇచ్చారు. ఈసారి పోసేముందు మూత మీద రాసింది ఇద్దరూ కళ్లజోళ్లు పెట్టుకుని చదివారు.