లోపానికి శాతం ఉంది.. బతుక్కి కొలత ఏది?

మైలవరం: ఆ ఇంటి బీరువాలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో మడతలు పడిన ఒక కాగితం ఉన్నాయి. సదరం శిబిరంలో ఇచ్చిన ధ్రువపత్రమది. ఇరవై మూడేళ్ల కొడుకు పేరు కింద 75 శాతం అని రాసి ఉంది. ఒకటో తారీఖున ఇంటికి వచ్చే పింఛనుకు ఆ కాగితమే ఆధారం. దాన్ని జాగ్రత్తగా విప్పి చూపిస్తూ తండ్రి అడిగిన ప్రశ్నకు ఈ విలేఖరి వెంటనే జవాబు చెప్పలేకపోయాడు.

"నూటికి డెబ్బయి అయిదు పాళ్లు లోపమని రాశారండీ. అంటే మావాడు రూపాయిలో పావలా మనిషేనా?"

మైలవరం మండలంలోని ఒక గ్రామంలో మామిడితోటలను ఆనుకుని ఉంటున్న కుటుంబం అది. తమ పేర్లు, ఊరి పేరు రాయవద్దని కోరారు. అబ్బాయికి పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ అనే స్థితి ఉంది. మాట తక్కువ, నడక నెమ్మది. నవ్వు మాత్రం ధారాళం. వీధిలో కొందరు పేరుతో పిలుస్తారు. మరికొందరు పిలిచే పిలుపు ఇక్కడ రాయదగినది కాదు.

ఒక్క క్రోమోజోము ఎక్కువ

మనిషి శరీరంలోని కణాలలో సాధారణంగా 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 21వ జత దగ్గర రెండుకు బదులు మూడు ఉంటాయి. మొత్తం 47 అవుతాయి. ఈ స్థితిని 1866లో ఇంగ్లండు వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ వివరించాడు. కారణం క్రోమోజోములో ఉన్నదని 1959లో ఫ్రాన్సు వైద్యుడు జెరోం లెజెన్, ఆయన సహచరులు ప్రకటించారు. 21వ జతలో మూడు ఉంటాయన్న గుర్తుగానే మార్చి 21ని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా 2012 నుంచి ఐక్యరాజ్యసమితి పాటిస్తున్నది.

సుమారు 700 నుంచి 1000 కాన్పులలో ఒక బిడ్డ ఇలా పుడుతుంది. మన వైపు ఈ నిందను మేనరికం మీదనో, గ్రహణం మీదనో, చివరికి తల్లి మీదనో వేస్తారు. మేనరికం వల్ల కొన్ని ఇతర వంశపారంపర్య వ్యాధులు వచ్చే అవకాశం పెరిగే మాట నిజమే. డౌన్ సిండ్రోమ్‌కు మాత్రం అది కారణం కాదు. చాలా వరకు ఇది అండమో, వీర్యకణమో తయారయ్యే వేళ యాదృచ్ఛికంగా జరిగే పొరపాటు. తల్లి వయసు 35 దాటితే అవకాశం పెరుగుతుంది. బహు కొద్దిమందిలో తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమిస్తుంది. అందువల్ల మరో కాన్పు కోరుకునేవారు బిడ్డకు క్రోమోజోము పరీక్ష చేయించి, వైద్యుల సలహా తీసుకోవడం మంచిది.

"పుట్టినప్పుడు పదేళ్లు బతికితే గొప్ప అన్నారు బాబూ" అని తల్లి చెప్పింది. ఒకప్పుడు ఆ మాటలో అబద్ధం లేదు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. అమెరికాలో 1983 ప్రాంతంలో వీరి సగటు ఆయుష్షు 25 ఏళ్లు కాగా, గుండె శస్త్రచికిత్సలు అందుబాటులోకి వచ్చిన పిమ్మట అది 60 ఏళ్లకు చేరింది. ఎన్నాళ్లు బతుకుతాడన్న ప్రశ్న స్థానంలో ఎలా బతుకుతాడన్న ప్రశ్న వచ్చింది.

కాగితం మీది శాతం దేనిది?

ధ్రువపత్రంలోని శాతం మనిషి విలువ కాదు. వయసుకు తగ్గ పనులు ఎంతవరకు చేయగలడో, తెలివితేటల పరీక్షలో ఎక్కడ నిలిచాడో చూసి వేసే అంకె అది. కొద్దిపాటి వైకల్యానికి 50, మధ్యరకానికి 75, తీవ్రమైతే 90, అతి తీవ్రమైతే 100 అని లెక్క కట్టారు. 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ప్రభుత్వ సౌకర్యాలకు అర్హత వస్తుంది. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛనును 2024లో రూ.6,000 చేశారు. కనుక ఆ అంకె అవసరమే. ఎవరికి సాయం అందాలో అది చెబుతుంది. అందిన సాయంతో ఆ మనిషి బతుకు బాగుపడిందా లేదా అన్నది మాత్రం చెప్పదు.

ఇందుకు భిన్నమైన కొలతలు మన తెలుగునాటే తయారయ్యాయి. 1984లో సికింద్రాబాదులో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, భారతీయ పిల్లల కోసం 1992లో ఒక కొలమానాన్ని వెలువరించింది. ఈ సంస్థ పేరును తరువాత జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థగా మార్చారు. ఆ కొలమానంలో బట్టలు తొడుక్కోవడం, మాట, చదువు, లెక్క, ఇంటిపని, డబ్బు వాడకం వంటి ఏడు రంగాలకు చెందిన 280 పనులున్నాయి. ఎవరి సాయమూ లేకుండా చేస్తే 5 మార్కులు. నోటితో చెబితే చేసినందుకు 3, చేయి పట్టి చేయిస్తే 2. ఏమి రాదో రాసి మూసేయడానికి కాదు, తరువాత ఏమి నేర్పాలో తెలుసుకోవడానికే ఆ మార్కులు.

బతుకుకు ఎనిమిది ప్రశ్నలు

పని నేర్చినంత మాత్రాన బతుకు బాగున్నట్టేనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990వ దశకంలో ఈ ప్రశ్న వేసుకున్నది. పలు దేశాలలోని 15 కేంద్రాలలో ఒకేసారి ప్రశ్నావళి తయారుచేయించింది. వాటిలో ఢిల్లీ, మద్రాసు కూడా ఉన్నాయి. జీవన నాణ్యత అంటే తన సంస్కృతిలో, తన ఆశల వెలుగులో ఒక మనిషి తన స్థితిని తాను ఎలా చూసుకుంటున్నాడన్నదేనని ఆ సంస్థ తేల్చింది. ఇతరులు ఎలా చూస్తున్నారన్నది కాదు.

బుద్ధి ఎదుగుదలలో వెనుకబడినవారి విషయంలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ షాలాక్, స్పెయిన్‌కు చెందిన మిగెల్ వెర్దుగో చెప్పిన ఎనిమిది అంశాలను చాలా దేశాలు వాడుతున్నాయి. పల్లెభాషలో అవి ఇవి. ఒంట్లో బాగుందా? మనసు కుదురుగా ఉందా? తనవాళ్లు, స్నేహితులు ఉన్నారా? చేతిలో నాలుగు డబ్బులు, నెత్తిన నీడ ఉన్నాయా? కొత్తది ఏదైనా నేర్చుకుంటున్నాడా? తనకు కావలసింది తాను ఎంచుకోగలుగుతున్నాడా? ఊళ్లో నలుగురితో కలుస్తున్నాడా? అతని హక్కును ఎవరైనా లెక్క చేస్తున్నారా?

అడగవలసింది ఎవరిని?

ఈ కొలతలో కష్టమంతా ఇక్కడే ఉంది. మాట సరిగా రాని మనిషి తరఫున తల్లిదండ్రులు జవాబు చెబుతారు. నిద్ర, తిండి, జబ్బు వంటి బయటికి కనిపించే సంగతులలో వారి జవాబు చాలావరకు సరిపోతుంది. మనసులోని సంగతికి వచ్చేసరికి ఇద్దరి మాట తరచు వేరవుతుంది. పోనీ, ఆ మనిషినే అడుగుదామంటే మరో చిక్కు. ఎదుటివారిని సంతోషపెట్టడానికి దేనికైనా అవునని తలూపేవారు వీరిలో ఎక్కువ.

అందుకని నిపుణులు కొన్ని ఉపాయాలు పాటిస్తారు. నవ్వే ముఖం, ఏడ్చే ముఖం బొమ్మలు ముందు పెట్టి వేలు చూపమంటారు. అవునా కాదా అని అడగకుండా ఇదా అదా అని అడుగుతారు. కాసేపాగి అదే ప్రశ్నను వరుస మార్చి మళ్లీ అడుగుతారు. రెండుసార్లూ ఒకే జవాబు వస్తే నమ్ముతారు. మాట అసలే లేనివారి దగ్గర ఏమి చేస్తుండగా ముఖం విప్పారుతున్నదో, ఎప్పుడు ముడుచుకుపోతున్నారో కొన్ని రోజులపాటు గమనించి రాసుకుంటారు.

అలా వారినే అడిగిన ఒక అధ్యయనం 2011లో అమెరికాలో వెలువడింది. పన్నెండేళ్లు దాటిన 284 మంది డౌన్ సిండ్రోమ్ వ్యక్తులు జవాబిచ్చారు. దాదాపు 99 శాతం మంది తమ జీవితం సంతోషంగానే ఉన్నదన్నారు. 97 శాతం మంది తాము తాముగా ఉండటం ఇష్టమేనన్నారు. వారంతా అక్కడి సంఘాలతో పరిచయమున్న కుటుంబాలవారు కనుక ఆ అంకెలను తెచ్చి మన పల్లెకు అతికించలేము. కానీ వారిని అడగవచ్చునని, అడిగితే చెబుతారని అది రుజువు చేసింది.

బస్సు

ఆ ఎనిమిది ప్రశ్నలనూ ఈ విలేఖరి ఆ ఇంటి అరుగు మీద కూర్చుని అడిగాడు. ఇది శాస్త్రీయ పరీక్ష కాదు, వట్టి సంభాషణ. మొదటి ఆరు ప్రశ్నలకూ తల్లే జవాబు చెప్పింది.

మామిడి కాయలు కోసే రోజుల్లో అబ్బాయి తోటకు వెళతాడు. కాయలు ఏరి గడ్డిలో సర్దడం అతని పని. ఒక్క కాయకు కూడా దెబ్బ తగలనివ్వడట. కూలి ఎంత ఇస్తారని అడిగితే తండ్రి నవ్వాడు. "కూలేమిటండీ, కాఫీ పోస్తారు, రెండు కాయలు చేతిలో పెడతారు. వాడికి డబ్బు ఏం తెలుసని?" పక్కన అదే పని చేసినవారికి సాయంత్రం డబ్బు ముడుతుంది. చేతిలో డబ్బు, హక్కు అన్న రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే దొరికింది.

"వాడికి ఏ కోరికా లేదు బాబూ. పెట్టింది తింటాడు, ఉన్నచోట ఉంటాడు" అన్నది తల్లి.

అప్పుడు అబ్బాయి వైపు తిరిగి, "నీకేం కావాలి?" అని అడగవలసి వచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "బస్సు" అన్నాడు. ఎక్కడికని అడిగితే "మైలవరం" అన్నాడు. ఎవరితో అంటే వేలు తన గుండెల మీద పెట్టుకున్నాడు. "ఒక్కణ్ణే."

తల్లి కొడుకు ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఇరవై మూడేళ్లలో ఈ మాట తాము ఎన్నడూ అడగలేదని తండ్రి అన్నాడు.

కొలిచాక చేయవలసింది

కొలత ఎందుకంటే చేయవలసిన పని తెలియడానికి. ఒంట్లో బాగుందా అన్న ప్రశ్నకు జవాబు సరిగా లేకపోతే మొదట థైరాయిడ్, చెవులు, కళ్లు చూపించాలి. వీరిలో ఈ ఇబ్బందులు తరచుగా వస్తాయి. మొండి అని కొట్టించుకునే పిల్లవాడికి చెవి సరిగా వినపడకపోయి ఉండవచ్చు. హుషారు తగ్గినవాడికి థైరాయిడ్ మాత్రతో తేరుకునే అవకాశం ఉంది. నలభై ఏళ్లు దాటినవారిలో మతిమరుపు వ్యాధి ముందుగా వచ్చే అవకాశం ఎక్కువ కనుక మార్పులను కనిపెట్టి ఉండాలి.

చిన్నపిల్లలైతే జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద 2013 నుంచి పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పరీక్షలు జరుపుతున్నారు. డౌన్ సిండ్రోమ్ ఆ జాబితాలో ఉంది. బడి వయసు పిల్లల కోసం మండలాలలో భవిత కేంద్రాలు ఏర్పాటయ్యాయి. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది.

మా తరువాత?

ఎనిమిది ప్రశ్నలలో లేకపోయినా ప్రతి తల్లీ అడిగే తొమ్మిదో ప్రశ్న ఇది. కొడుకుకు 18 ఏళ్లు నిండితే చట్టం దృష్టిలో తల్లిదండ్రులు ఇక సంరక్షకులు కారన్న సంగతి ఈ దంపతులకు తెలియదు. అదే 1999 చట్టం కింద జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకుని సంరక్షకులను నియమింపజేసుకోవచ్చు. పొలమో, ఇల్లో ఉన్నవారు దీన్ని వాయిదా వేయడం క్షేమం కాదు.

ఊరు చేయగలిగిన పనులూ ఉన్నాయి. పేరు పెట్టి పిలవడానికి ఖర్చు లేదు. చేసిన పనికి కూలి కట్టివ్వడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు. బస్సు ఎక్కిన మనిషి దిగవలసిన చోట దిగాడో లేదో కండక్టరు ఒక కంట కనిపెడితే చాలు.

సెలవు తీసుకుంటుండగా తండ్రి ఆ కాగితాన్ని మళ్లీ సంచిలో పెట్టాడు. వచ్చే ఆదివారం కొడుకును మైలవరం బస్సు ఎక్కిస్తానని, తాను వెనుక సీట్లో కనపడకుండా కూర్చుంటానని చెప్పాడు. రెండు మూడుసార్లు అలా వెళ్లాక, తాను ఇంటి దగ్గరే ఉండిపోతానన్నాడు.