స్ట్రెచర్‌తో పాటు ఏమేం కదులుతాయి?

ఒక జబ్బుతో ఆస్పత్రిలో చేరి, అక్కడే ఇంకో జబ్బు తగిలించుకునేవాళ్లు ఎంతమంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో 100 మంది ఇన్‌పేషెంట్లలో 15 మంది. సంపన్న దేశాల్లో ఏడుగురు. మన లెక్కన ఇరవై పడకల వార్డులో ముగ్గురన్నమాట.

క్రిమి పాకే దారుల్లో మనం పెద్దగా పట్టించుకోనిది రోగిని అటూ ఇటూ తిప్పడం. స్కానింగ్‌కు, ఐసీయూ నుంచి వార్డుకు, ఈ ఆస్పత్రి నుంచి ఆ ఆస్పత్రికి.

ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు కదా అంటారా? 2011 జూన్‌లో న్యూయార్క్ ఆస్పత్రి నుంచి ఒక రోగిని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌ ఆస్పత్రికి తరలించారు. ఆమెలో మొండి క్లెబ్సియెల్లా ఉందని తెలుసు. మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే కార్బపెనెమ్ యాంటీబయాటిక్స్‌కు కూడా లొంగని బ్యాక్టీరియా అది. విడిగా ఉంచారు. జూలైలో ఆమె డిశ్చార్జి అయ్యారు. ఆగస్టులో అదే క్రిమి మరో రోగిలో బయటపడింది. మొత్తం 18 మందికి సోకింది. 11 మంది చనిపోయారు, వారిలో ఆరుగురి మరణానికి ఈ క్రిమే కారణమని తేల్చారు. శుభ్రం చేసిన వెంటిలేటర్‌ మీదా, సింకు గొట్టాల్లోనూ అది దొరికింది. లక్షణాలేమీ లేకుండా దాన్ని ఒంట్లో మోసేవాళ్లుంటారు. జ్వరం వచ్చినవాళ్లనే వెతికితే వాళ్లు దొరకరు.

క్షయలా గాలిలో పాకే జబ్బయితే లెక్క వేరు. రోగిని బయటికి తీసుకెళ్లినా ఆయన దగ్గిన గాలి గదిలోనే ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో గాలిని గంటకు ఆరుసార్లు మార్చాలంటే, నిమిషానికి 200 లీటర్ల డ్రమ్ములు 14 నిండేంత గాలి లోపలికి రావాలి. అంత వచ్చినా, కొత్త గాలి పాతదాంతో కలిసిపోతుంది కాబట్టి 99 శాతం క్రిములు పోవడానికి 46 నిమిషాలు పడుతుంది. గంటకు 12 సార్లు మారితే 23 నిమిషాలు. ఎక్స్‌రే గది ఖాళీగా కనిపిస్తున్నా కాసేపు ఆగమన్నారంటే దయచేసి ఆగండి.

రోగికి ఎన్‌95 కావాలా? అక్కర్లేదు, మామూలు సర్జికల్‌ మాస్కు చాలు. తుంపర్లు గాలిలో ఆరి సన్నబడకముందే నోటి దగ్గరే ఆగిపోతాయి. సన్నబడినవాటిని పీల్చే ప్రమాదం పక్కనున్న సిబ్బందిది, ఎన్‌95 వాళ్లకే అవసరం.

ఇక చేతులు. రోగిని పట్టుకున్న గ్లవ్స్‌తోనే లిఫ్ట్‌ బటన్‌ నొక్కితే, తర్వాత ఆ బటన్‌ నొక్కినవాళ్లందరికీ ఆ క్రిమి అంటొచ్చు. స్ట్రెచర్‌ పక్క కమ్మీ పట్టుకుని నడిచే మనకూ అంతే. శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోవాలి, సబ్బుతో అయితే కడిగి తుడుచుకునేదాకా మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి.

ఆస్పత్రి మారుస్తుంటే డిశ్చార్జి సమ్మరీతో పాటు కల్చర్‌ రిపోర్టు, అంటే ఏ క్రిమి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే కాగితం అడిగి తీసుకోండి. అంబులెన్స్‌ ఎక్కకముందే ఆ సంగతి అవతలి ఆస్పత్రికి డాక్టర్‌తో ఫోన్‌లో చెప్పించండి. విడిగా పడక సిద్ధం చేసుకునే టైము వాళ్లకు దొరుకుతుంది.