తొలి తప్పు, ఠాణా గడప

కాజీపేట నుండి బలార్షా వైపు పోయే రైలుమార్గం మీద బెల్లంపల్లి ఒక బొగ్గుపట్నం. 1920ల చివర ఇక్కడ తవ్వకం ప్రారంభమైనది. గనిని ఇక్కడివారు ‘బాయి’ అంటారు. తండ్రి దిగిన బాయిలోనే కొడుకూ దిగుతాడన్న ధీమా మీద రెండు మూడు తరాలు పెరిగినవి. ఆ బాయిలు ఒక్కొక్కటే మూతపడినవి. ధీమా పోయినది, పిల్లలు మిగిలినారు.

ఇటువంటి ఊళ్లో పదహారేండ్ల పిల్లవాడొకడు పరుల సైకిలు తీసుకొని పోయి పట్టుబడినాడనుకుందాము. వానికిది తొలి తప్పు. ఆ సాయంత్రం ఠాణాలో వాని పేరు ఏ పుస్తకానికి ఎక్కుతుందన్నది చిన్న ప్రశ్న కాదు.

2015 నాటి బాలల న్యాయచట్టమూ, దాని ననుసరించి 2016లో వచ్చిన ఆదర్శ నియమాలూ ఈ ప్రశ్నకు స్పష్టంగా జవాబు చెప్పినవి. ఘోరనేరం కానప్పుడు, పెద్దలతో కలిసి చేసినది కానప్పుడు, బాలునిపై ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయరాదు. జనరల్ డైరీలో సంగతి రాసుకొని, పిల్లవాని కుటుంబ, సాంఘిక పరిస్థితులపై ఒక నివేదిక తయారుచేసి జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపవలె. సంకెళ్లు వేయరాదు, లాకప్పులో ఉంచరాదు. పిల్లవానితో మాట్లాడే అధికారి యూనిఫారం లేకుండా మామూలు దుస్తులలో ఉండవలె. ప్రతి ఠాణాలోనూ ఇందుకు ఒక బాలసంక్షేమ పోలీసు అధికారి ఉండవలెనని చట్టం విధించినది. ‘నేరస్థుడు’ అన్న మాటను సైతం తొలగించి, ‘చట్టంతో సంఘర్షణలో పడిన బాలుడు’ అన్నది. ఈ సమాసం నోరు తిరగనిదే గాని, ఇందులో దయ ఉన్నది.

న్యాయస్థానం మెట్లెక్కించకుండా పిల్లలను దారి మళ్లించవలెనన్న ఈ ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ పోలీసులు 1949లోనే దీనిని ఆచరణలో పెట్టినారు. పిల్లవాడు తప్పు ఒప్పుకొని, తల్లిదండ్రులు సరేనంటే, మందలించి, తరువాత కొంతకాలం ఒక పోలీసు అధికారి వాని ఇంటికి వెళ్లి యోగక్షేమాలు కనుక్కుంటూ ఉండేవాడు. 1985లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బీజింగ్ నియమాలు ఈ పద్ధతికి అంతర్జాతీయ గౌరవం కల్పించినవి. మన చట్టమూ దీనిని ఒక సూత్రంగా అంగీకరించినది గాని, మందలించి ఫైలు మూసివేసే పని పోలీసులకు అప్పగించలేదు. కాగితం బోర్డుకు చేరవలసినదే.

తెలంగాణలో ఇందుకు దగ్గరగా వచ్చినది షీ టీమ్స్. 2014 అక్టోబరు 24న హైదరాబాదులో మొదలై, మరుసటి ఏట రాష్ట్రమంతటికీ విస్తరించినది. ఆడపిల్లలను వేధించి తొలిసారి పట్టుబడిన కుర్రవాళ్లను తల్లిదండ్రుల ఎదుట కూర్చోబెట్టి కౌన్సెలింగు ఇచ్చి పంపడం దీని పద్ధతులలో ఒకటి. కన్నతల్లి ముందు తలవంచుకొని కూర్చోవడం కొందరికి జుల్మానాకంటె బరువు. అయితే ఇక్కడ ఒక సందేహం రాకపోదు. క్షమించే హక్కు ఎవరిది? వేధింపు పడిన పిల్లను అడుగకుండా చూపిన ఉదారత ఆమె సొత్తును దానం చేసినట్లే.

పద్దెనిమిదేండ్లు దాటినవానికి దారి ఇరుకు. దయ ఉంటే చాలావరకు న్యాయస్థానంలోనే ఉన్నది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఇరువది యొక్క ఏండ్ల లోపువానిని, యావజ్జీవ శిక్షకు తగిన నేరం కానప్పుడు, కారణం రాయకుండా జైలుకు పంపరాదన్నది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత మరొక అడుగు వేసినది. ఐదువేల రూపాయలకు లోబడిన వస్తువును దొంగిలించినవాడు, తొలిసారి దోషిగా తేలి, సొత్తు తిరిగి ఇస్తే, శిక్ష సమాజసేవ మాత్రమే.

బెల్లంపల్లి ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో, రామగుండం పోలీసు కమిషనరేటు పరిధిలో ఉన్నది. పూర్వపు ఆదిలాబాదు జిల్లా ఇది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసు కాల్పులు జరిగినది ఆ జిల్లాలోనే. ఇటువంటి సీమలో ఠాణా పేరు వింటేనే తల్లుల గుండె ఝల్లుమంటుంది. మామూలు దుస్తులు తొడిగినంతనే పోలీసు మేనమామ కాజాలడు. అందుచేత ఆ నివేదిక మీదనే భారమంతా పడుతున్నది. పిల్లవాడు బడి ఎందుకు మానినాడు, వాని స్నేహితులెవరు, వాని నెవరైనా హింసించినారా అని అది అడుగుతుంది. గడులు రాతబల్ల ముందు కూర్చొని పది నిమిషాలలో నింపవచ్చును. అప్పుడది మరొక పోలీసు కాగితం. బడి మానిన కారణం తండ్రి నోట వినవలెనంటే మాత్రం, ఆయన షిఫ్టు దిగి ఇల్లు చేరే వేళ చూచుకొని ఆ అధికారి కార్మికుల వాడకు నడిచి వెళ్లవలె.