తొమ్మిది బుడిపెల మీద నూట పది అంతస్తులు

బొమ్మల దుకాణాలలో రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకల పెట్టెలు చూడని వారు నేడు అరుదు. పైన బుడిపెలు, అడుగున గుల్ల ఉండి, ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనే ఆ ఇటుకలతో పిల్లలు ఇళ్లు, బండ్లు, ఓడలు కట్టి మురిసిపోతారు. అవే ఇటుకలతో ప్రపంచ ప్రసిద్ధ కట్టడాలను అరచేతిలో ఇమిడేటంత చిన్నవిగా నిర్మించడం పెద్దలకు కూడా ప్రీతిపాత్రమైన కళగా రూపొందినది. ఈ కళలోని నేర్పు ఎక్కువ ఇటుకలు పేర్చడంలో లేదు. ఏది వదలివేయాలో, ఏది మాత్రం వదలరాదో తెలుసుకోవడంలో ఉన్నది. ఒక కట్టడాన్ని ఉదాహరణగా తీసికొని ఈ సంగతిని పరిశీలిద్దాం.

ఇటుక పుట్టుక

డెన్మార్క్ దేశంలోని బిల్లుండ్ అనే ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మల తయారీకి పూనుకొన్నాడు. డేనిష్ భాషలో ‘బాగా ఆడుకో’ అనే అర్థమిచ్చే రెండు మాటల ఆరంభాలను కలిపి, 1934లో తన సంస్థకు ‘లెగో’ అని పేరు పెట్టాడు. 1949లో ప్లాస్టిక్ ఇటుకలు తయారైనవి కాని వాటి పట్టు అంత గట్టిది కాదు. ఆయన కుమారుడు గాట్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న, లోపల చిన్న గొట్టాలు గల ఇటుకకు పేటెంటు కోరాడు. కింది ఇటుక బుడిపెలు పై ఇటుక గొట్టాలకూ గోడలకూ నడుమ బిగుసుకొంటాయి. జిగురు అక్కరలేదు, లాగితే ఊడి వస్తుంది. ఆనాటి ఇటుక నేటి ఇటుకతోనూ చక్కగా అతుకుతుంది.

భవన నమూనాలకు ఈ ఇటుకలు ఉపకరిస్తాయన్న ఆలోచన కూడా పాతదే. 1963లో గాట్‌ఫ్రెడ్ మాడ్యులెక్స్ అనే వేరొక సంస్థను నెలకొల్పి, వాస్తుశిల్పుల కోసం 5 మిల్లీమీటర్ల కొలతపై మరింత చిన్న ఇటుకలను తయారు చేయించాడు. 2008లో జపాను సంస్థ కవాడా ‘నానోబ్లాక్’ పేరుతో బుడిపెకు 4 మిల్లీమీటర్ల కొలత గల ఇటుకలను విడుదల చేసినది. అదే సంవత్సరం షికాగో నగరానికి చెందిన వాస్తుశిల్పి ఆడమ్ రీడ్ టక్కర్ సహకారంతో లెగో సంస్థ ‘ఆర్కిటెక్చర్’ వరుసను ప్రారంభించినది. ఆ వరుసలోని తొలి పెట్టెలలో ఒకటి షికాగోలోని సియర్స్ టవర్. దానిలోని ముక్కలు 69 మాత్రమే.

నూట పది అంతస్తుల భవనానికి అరవైతొమ్మిది ముక్కలా అని ఆశ్చర్యం కలుగవచ్చు. ఆ భవనపు కథ తెలిస్తే ఆశ్చర్యం తీరుతుంది.

భవనం లోపలి రహస్యం

సియర్స్ టవర్‌ను 2009 నుండి విల్లిస్ టవర్ అని పిలుస్తున్నారు. ఎత్తు 442 మీటర్లు. దాని నిర్మాణ పద్ధతిని రూపొందించిన ఇంజనీరు ఢాకాలో జన్మించిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. అంత ఎత్తున వీచే గాలి తాకిడికి భవనం నిలవాలంటే ఏమి చేయాలి? ఆయన కనుగొన్న ఉపాయం, చతురస్రాకారపు గొట్టాల వంటి తొమ్మిది భవనాలను మూడేసి చొప్పున మూడు వరుసలుగా చేర్చి ఒక్కటిగా బిగించడం. చీపురు పుల్లను ఒంటిగా వంచవచ్చు, కట్టను వంచడం కష్టం. ఇక్కడి సూత్రమూ అటువంటిదే.

ఒక్కొక్క గొట్టం వెడల్పు సుమారు 22.9 మీటర్లు. తొమ్మిదీ ఒకే ఎత్తుకు పోవు. వాయవ్య, ఆగ్నేయ మూలలవి 50వ అంతస్తు వద్ద ఆగిపోతాయి. ఈశాన్య, నైరుతి మూలలవి 66వ అంతస్తు వద్ద ఆగుతాయి. ఉత్తర, తూర్పు, దక్షిణ గొట్టాలు 90 వరకు పోతాయి. పడమటిది, నడిమిది మాత్రమే శిఖరానికి చేరతాయి. అంటే కింద తొమ్మిది, ఆపైన ఏడు, తరువాత అయిదు, చివరకు రెండు. కిటికీలు, రంగులు, గదులు అన్నీ మరచిపోయినా, ఈ తొమ్మిది, ఏడు, అయిదు, రెండు అనే క్రమం నిలిస్తే చూచిన వారు ఆ భవనాన్ని ఇట్టే గుర్తుపడతారు.

లెక్క కట్టుదాం

సాధారణ లెగో ఇటుకలో ఒక బుడిపె నడిమి నుండి పక్క బుడిపె నడిమికి దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. పలుచని పలక ఎత్తు 3.2 మిల్లీమీటర్లు. కనుక మూడు పలకలు ఒక ఇటుక. ఇంకొక సంబంధాన్ని కూడా గుర్తుంచుకోవాలి: అయిదు పలకల ఎత్తు 16 మిల్లీమీటర్లు, రెండు బుడిపెల వెడల్పూ 16 మిల్లీమీటర్లే. ఎత్తునూ వెడల్పునూ సరిపోల్చడానికి ఈ ఒక్క సూత్రం చాలు.

ఇప్పుడు ఒక్కొక్క గొట్టానికి ఒక్క బుడిపె కేటాయిద్దాం. అప్పుడు భవనం మొత్తం మూడు బుడిపెల చతురస్రం, అంటే 24 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్లు నిజానికి 22.9 మీటర్లు కనుక ఒక ఇటుక ఎత్తు దాదాపు 27.5 మీటర్లకు సమానం. 442ను 27.5తో భాగిస్తే దాదాపు 16 వస్తుంది. పదహారు ఇటుకల ఎత్తులో, అంటే జానెడు కన్న తక్కువలో, భవనం పూర్తి అవుతుంది. ఒక్కొక్క ఇటుకకు దాదాపు ఏడు అంతస్తులు.

ఆ ప్రకారం 50 అంతస్తులకు 7 వరుసలు, 66కు సుమారు 10, 90కి 13, ఆపైన 16. మొదటి 7 వరుసలలో తొమ్మిదేసి చొప్పున 63 స్థానాలు. తరువాతి 3 వరుసలలో ఏడేసి చొప్పున 21. ఆపై 3 వరుసలలో అయిదేసి చొప్పున 15. చివరి 3 వరుసలలో రెండేసి చొప్పున 6. మొత్తం 105 స్థానాలు. రెండు మూడు బుడిపెల ఇటుకలు వాడితే ముక్కల సంఖ్య ఇంకా తగ్గుతుంది.

వాడితే అనడం కంటె వాడక తప్పదు అనడమే సరి. అన్నీ ఒంటి బుడిపె ఇటుకలే పేర్చితే తొమ్మిది విడివిడి కంబాలు లేస్తాయి. వేలు తగిలితే ఒరిగిపోతాయి. ఒక వరుసలో తూర్పు పడమరలుగా, మరుసటి వరుసలో ఉత్తర దక్షిణాలుగా పొడవు ఇటుకలు వేస్తే కంబాలు ఒకదానినొకటి పట్టుకొంటాయి. గోడ కట్టే మేస్త్రీ కింది వరుస అతుకు మీద పై వరుస అతుకు రాకుండా చూచుకొనేది ఇందుకే. తొమ్మిది గొట్టాలను కలిపి బిగించాలన్న ఇంజనీరు ఆలోచన ఆ విధంగా ఆడుకొనే చేతికి అనుభవంలోకి వస్తుంది.

పెద్దది, చిన్నది

ఇదే సంస్థ 2008లో తాజ్‌మహల్ నమూనాను 5,922 ముక్కలతో విడుదల చేసినది. 2021లో అదే కట్టడాన్ని 2,022 ముక్కలతో చిన్నదిగా తెచ్చినది. ముక్కలు తగ్గిన కొద్దీ సన్నని పనితనం చూపడానికి చోటు తగ్గుతుంది. అయినా గుమ్మటం, నాలుగు మూలల మీనార్లు, వాటి నడుమ ఖాళీ స్థలం సరైన పాళ్లలో ఉంటే అది తాజ్‌మహలే. పాళ్లు తప్పితే ఎన్ని వేల ముక్కలున్నా కాదు.

మన పక్కనున్న విజయపుర గోల్ గుంబజ్‌తో ఈ మాటను పరీక్షించవచ్చు. 1656లో పూర్తయిన మహమ్మద్ ఆదిల్‌షా సమాధి అది. చతురస్రపు భుజం సుమారు 47.5 మీటర్లు, గుమ్మటం వెలుపలి వ్యాసం సుమారు 44 మీటర్లు. 1:500 నిష్పత్తిలో భుజం 95 మిల్లీమీటర్లు, దాదాపు 12 బుడిపెలు. గుమ్మటం 88 మిల్లీమీటర్లు, సరిగా 11 బుడిపెలు. ఇక్కడ ఒక చిక్కున్నది. పన్నెండింటి నడుమ పదకొండు కూర్చోదు. గుమ్మటం అర బుడిపె పక్కకు జరిగిపోతుంది. నడుమ ఒకే బుడిపె గల ప్రత్యేకమైన పలకలు వేసి అర బుడిపె జరపాలి, లేదా గుమ్మటాన్ని 10కి తగ్గించడమో 12కు పెంచడమో చేయాలి. తగ్గిస్తే ఆ కట్టడపు గాంభీర్యం పోతుందా? కట్టి చూచి నిర్ణయించుకోవలసినదే. మూలల్లోని ఎనిమిది పలకల బురుజులు రెండు బుడిపెల వెడల్పున అష్టభుజంగా రావు. గుండ్రని ఇటుకలతో సరిపెట్టుకోవాలి. కాని వాటి ఏడు అంతస్తులు లెక్కకు అందేటట్లు చేయవచ్చు. గుసగుసను కూడా మోసుకుపోయే లోపలి వసారాను మాత్రం ఏ ఇటుకా చూపలేదు.

తరగతి గదిలో దీని విలువ

ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారందరికీ ఫ్రోబెల్ పేరు పరిచితమే. 1840లో ‘కిండర్‌గార్టెన్’ అనే పేరు పెట్టిన ఆ జర్మన్ విద్యావేత్త, ‘కానుకలు’ అనే కొయ్య దిమ్మెలను పిల్లల చేతికిచ్చాడు. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ బాల్యంలో ఆ దిమ్మెలతో ఆడుకొన్నాడు. అవి తనకెంతగానో తోడ్పడ్డాయని తరువాత చెప్పుకొన్నాడు.

సరిహద్దు జిల్లాలలోని మన పిల్లలకు మరొక ఇబ్బంది ఉన్నది. కన్నడ పుస్తకంలో ‘అనుపాత’ అన్నదే తెలుగు పుస్తకంలో ‘నిష్పత్తి’; తెలుగులో ‘అనుపాతం’ అంటే మరొకటి. పటం మూలనున్న 1:500 అనే అంకెను పిల్లవాడు మాటగా బట్టీ పడతాడే తప్ప, 12 బుడిపెలు 47.5 మీటర్లెట్లా అవుతాయో చూడడు. చూచినవాడికి ఏ భాషలోని మాటైనా ఒక్కటే.

ఈ పెట్టెల ధర సామాన్య కుటుంబానికి భారమే. అవి లేకున్నా పాఠం ఆగనక్కరలేదు. గళ్ల కాగితం మీద ముందుగా గీసి, బంకమన్నుతో సమానమైన ఘనాలు చేసి ఆరబెట్టి, అదే భవనాన్ని కట్టించవచ్చు. ఘనాలతో కడితే 16 వరుసలు చాలవు, 19 కావాలి. ఎందుకో ఉపాధ్యాయుడు చెప్పరాదు, పిల్లలనే కనుగొననివ్వాలి. ప్లాస్టిక్ ఇటుకలు వాడేవారు మాత్రం మూడేళ్ల లోపు పిల్లలకు అవి అందకుండా జాగ్రత్త పడాలి. నోట పెట్టుకొంటే గొంతుకు అడ్డపడే ప్రమాదం ఉన్నది.

తరువాత తమ పాఠశాల భవనాన్నే టేపుతో కొలిచి, ఒక బుడిపెకు ఎన్ని మీటర్లో నిర్ణయించుకొని కట్టమనాలి. తలుపులు, కిటికీలు అన్నీ ఇమడవు. వాటిలో ఏది పోయినా ఇది మన బడే అనిపిస్తుంది, ఏది పోతే అనిపించదు అన్న వాదన తరగతిలో తప్పక లేస్తుంది. ఆ వాదన ఎంత సేపు సాగితే అంత మంచిది.